విడాకుల తర్వాత బిడ్డ ఎవరి దగ్గర?

సర్వస్తోత్రాలు సమస్త లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి శుభాలు కురియుగాక. అమ్మా బాద్.

మాన్య సోదరులారా, పరదా వెనుక కూర్చుని వింటున్న సోదరీమణులారా!

తలాఖ్ నియమాలను గురించి ఈ మింబర్ పైనుండి అనేకసార్లు విన్నారు. నేడు తలాఖ్ తర్వాత ఇరు కుటుంబాల నడుమ నిలిచిపోయే పసిబిడ్డను గురించి మాట్లాడదలచాను. భార్యాభర్తల బంధం తెగిపోవచ్చు. తల్లి మాత్రం తల్లిగానే, తండ్రి తండ్రిగానే ఉంటారు. బఖరా సూరా 233వ ఆయతులో అల్లాహ్ పాలు తాగే బిడ్డ విషయాన్ని తలాఖ్ ఆజ్ఞల మధ్యనే ప్రస్తావించాడు. బిడ్డ కారణంగా తల్లిని గానీ తండ్రిని గానీ బాధించరాదని, ఆ తల్లి కూడూ గుడ్డా తండ్రి బాధ్యత అని, పాలు మాన్పించడం సైతం ఇద్దరూ సంప్రదించుకొని చేయాలని అందులో ఆదేశించాడు. విడిపోయిన దంపతులను సంప్రదించుకోమంటున్నాడు, గమనించండి! మనవాళ్లు ఫోన్ నంబరు కూడా బ్లాక్ చేసుకుంటున్నారు.

ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ ముఅత్తాలో ఒక సంఘటనను ఉల్లేఖించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక అన్సారీ స్త్రీకి విడాకులిచ్చారు. వారికి ఆసిమ్ అనే కుమారుడున్నాడు. ఒకనాడు ఉమర్ ఖుబాకు వెళ్లినప్పుడు ఆ పసివాడు మస్జిద్ ఆవరణలో ఆడుకుంటూ కనిపించాడు. చేయి పట్టి తన వాహనంపై కూర్చోబెట్టుకున్నారు. ఇంతలో బాలుని అమ్మమ్మ వచ్చి అడ్డుపడింది. వివాదం ఖలీఫా అబూబక్ర్ (రజి) సన్నిధికి చేరింది. బిడ్డను ఆమెకే వదిలివేయమని ఆయన తీర్పు చెప్పారు. ఉమర్ మారు మాట పలకలేదు. ఎవరు ఆ ఉమర్? ఆయన పేరు వింటేనే ఖురైష్ నాయకులు తడబడేవారు. ఆయన ఒక ముసలమ్మ ఎదుట తీర్పు విని మౌనంగా ఉండిపోయారు. నేడు బడి గేటు దగ్గర బిడ్డను ఆటోలో ఎక్కించుకొని పోయి, “నా రక్తం, నా ఇష్టం” అనే తండ్రి ఈ సంఘటనను ఒకసారి చదవాలి.

మన హనఫీ ఫిఖ్‌హ్‌లో రెండు మాటలున్నాయి: హిజానత్, విలాయత్. హిజానత్ అంటే ఒడిలో పెట్టుకొని పెంచడం. ఇందులో తల్లికే ప్రథమ స్థానం. మగబిడ్డకు ఏడేళ్లు వచ్చేవరకు, ఆడబిడ్డ యుక్తవయస్సుకు వచ్చేవరకు అని ఫుఖహాలు నిర్ణయించారు. విలాయత్ అంటే సంరక్షకత్వం, అది తండ్రిది. ఖర్చు, అంటే నఫఖా, అదీ తండ్రిదే. బిడ్డ తల్లి దగ్గర ఉన్నంత మాత్రాన తండ్రి జేబు బాధ్యత తీరిపోదు. తల్లి బిడ్డకు మహ్రమ్ కాని పురుషుణ్ణి పునర్వివాహం చేసుకుంటే ఆమె హక్కు ఆగిపోతుంది, నిజమే. అయితే అది తిన్నగా తండ్రికి చేరదు. ముందుగా అమ్మమ్మకు చేరుతుంది. ఈ రెండవ సగం మనవాళ్లకు ఎందుకో గుర్తుండదు.

మరొక దురాచారం ఉంది. ఖులా కోరిన స్త్రీతో, “బిడ్డను మాకు రాసిచ్చి వెళ్లు” అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టిస్తున్నారు. పెద్దమనుషులు సాక్షులుగా వేలిముద్రలు వేస్తున్నారు. హనఫీ ఫుఖహాల దృష్టిలో ఆ ఖులా చెల్లుతుంది, ఆ షరతు చెల్లదు. ఎందుకంటే హిజానత్ బిడ్డ హక్కు. బిడ్డ హక్కును బేరంలో పెట్టే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు.

దేశ చట్టాన్ని గురించి కూడా తెలుసుకోండి. 1890 నాటి సంరక్షకుల, మైనర్ల చట్టం ప్రకారం న్యాయస్థానం బిడ్డ ధర్మశాస్త్రాన్ని పరిశీలిస్తూనే బిడ్డ క్షేమాన్ని చూస్తుంది. ఊహ తెలిసిన బిడ్డ అభిప్రాయాన్ని కూడా వినవచ్చు. ఏడేళ్లు నిండాయని కోర్టు ఆ మరునాడే అబ్బాయిని అప్పగించదు. 1986 చట్టం రెండేళ్ల వరకే పోషణ అంటున్నదని వాదించే తండ్రులున్నారు. ముస్లిం తండ్రి అయినా తన మైనర్ పిల్లలను పోషించవలసిందేనని సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టం చేసింది. దారుల్ ఖజా తీర్పుకు చట్టబద్ధమైన బలం లేదని 2014లో అదే కోర్టు చెప్పింది. కనుక ఇక్కడ రాజీ కుదిరినా, ఫ్యామిలీ కోర్టులో దానిని నమోదు చేయించుకోండి.

గల్ఫ్‌లో పనిచేసే సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. సెలవుపై వచ్చి, బిడ్డ పాస్‌పోర్టును దాచిపెట్టి, తల్లికి చెప్పకుండా విమానం ఎక్కించడం సంరక్షణ కాదు, జుల్మ్. అలాగే, సోదరీమణులారా, తండ్రి నెలనెలా ఖర్చు పంపుతూ ఉండగా ఈద్ నాడు కూడా బిడ్డ ముఖం చూపకపోవడం, నాన్నమ్మ తెచ్చిన బట్టలను తిప్పి పంపడం, ఇదీ జుల్మే. 233వ ఆయతులో తల్లి పేరు, తండ్రి పేరు రెండూ ఉన్నాయి.

ఇకపై మన మస్జిద్‌లో విడాకుల ఒప్పందం వ్రాసినప్పుడు మహర్, ఇద్దత్ ఖర్చులతో పాటు నాలుగు విషయాలు తప్పక వ్రాయాలని కమిటీ పెద్దలను కోరుతున్నాను: బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, నెలకు ఎంత ఖర్చు ఏ తేదీన అందుతుంది, రెండవవారు ఏ రోజుల్లో చూడవచ్చు, పండుగ ఎవరి ఇంట. బిడ్డను వదులుకునే షరతు ఉన్న కాగితం మీద నేను సంతకం చేయను.

నేను ఈ మాట చెప్పి, నా కొరకు, మీ కొరకు, విశ్వాసులందరి కొరకు అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాను.