నిజము చెప్పుటకు జంకనేల?

(ఒక పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



రోగముకంటె రోగము పేరు చెప్పుటకే మనము ఎక్కువ భయపడుచున్నాము. సుఖవ్యాధులను గూర్చి గాని, మత్తుమందులను గూర్చి గాని ప్రసంగము వచ్చినంతనే పెద్దలు గొంతు తగ్గింతురు. ఉపాధ్యాయుడు ఆ పుట దాటవేయును. పిల్లవాడు మాత్రము సందుమొగలోని స్నేహితునివద్దనో, చేతిలోని ఫోనులోనో సగము నిజమును, సగము అబద్ధమును నేర్చుకొనును. కావున చెప్పవలెనా, వలదా యనునది ప్రశ్న కాదు. ఎవరు చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అనునదియే ప్రశ్న.

దీనికి సమాధానము మన దేశముననే కలదు. హెచ్.ఐ.వి. భారతదేశమున నున్నదని 1986లో మదరాసునందు డాక్టరు సునీతి సాలొమన్ గారి పరిశోధనవలన మొదట తెలిసినది. 1992లో డాక్టరు స్మరజిత్ జానా గారు కలకత్తాలోని సోనాగాచీ వేశ్యావాటికలో పని ప్రారంభించిరి. ఆయన నీతిబోధకులను వెంటబెట్టుకొని పోలేదు. ఆ వృత్తిలోని స్త్రీలలో కొందరిని ఎంచి, శిక్షణ మొసగి, వారిచేతనే తోడివారికి చెప్పించిరి. వారు ఆకుపచ్చని అంగీలు తొడిగి గడపగడపకు పోయిరి.

అచ్చట తెలిసినదేమి? లోపము జ్ఞానమునందు మాత్రమే లేదు. కండోము తప్పదన్నచో విటుడు పక్కగదికి పోవును. ఆనాటి కూడు పోవును. వడ్డీవ్యాపారి గుమ్మమున నిలుచును. ఒక్కతె కాదన్న నష్టము ఆమెదే. అందరును కాదన్న నష్టము ఎవ్వరికిని లేదు. ఈ సత్యము గ్రహించి ఆ స్త్రీలు 1995లో దర్బార్ మహిళా సమన్వయ సమితిని స్థాపించుకొనిరి. ఆ యేడే ఉషా అను సహకార పరపతి సంఘమును నెలకొల్పుకొనిరి. ఆ దశాబ్దము ముగియునాటికి బొంబాయి వేశ్యావాటికలలో హెచ్.ఐ.వి. సుమారు సగముమందికి సోకగా, సోనాగాచీలో నూటికి పదిమంది ప్రాంతముననే నిలిచినది. గౌరవము, విశ్వాసము, గుర్తింపు: ఈ మూడే ఆ పనికి పునాదులు.

మణిపురము కథ వేరొక పాఠము. 1990 ప్రాంతమున అచ్చట హెరాయిన్ సూదిమందుగా నెక్కించుకొను యువకులలో ఈ రోగము కార్చిచ్చువలె వ్యాపించినది. పట్టుబడుదుమను భయమున వారు చాటున దాగి, ఒకే సూదిని పలువురు వాడిరి. శిక్షాభయము మత్తును మాన్పలేదు. సూదిని మాత్రము పంచిపెట్టినది. తుదకు పూర్వము ఆ యలవాటునకు లోనైనవారే సంఘముగా నేర్పడి, శుభ్రమైన సూదులను, చికిత్సా మార్గమును తమవారికి అందించిరి.

ఇట్టివి చెప్పినచో యువకులు చెడుదురని కొందరందురు. వారి యాందోళన పిల్లలమీది ప్రేమవలన గలిగినదే. కాని మార్గము తప్పు. ఒక్కసారి గంజాయి పీల్చినవాడెల్ల మరణించునని బెదిరించితిమా, మరణింపని స్నేహితుని జూచిన బాలుడు హెరాయిన్‌ను గూర్చి మనము చెప్పు నిజమునుగూడ నమ్మడు. అతిశయోక్తి యొకనాడు బయటపడును. దానితో మన మాటకున్న విలువయు పోవును.

మరి చెప్పవలసినదేమి? మత్తులో స్పృహ తప్పినవానిని విడిచి పారిపోరాదనియు, పక్కకు తిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయవలెననియు చెప్పవలెను. సవాయి, సెగ చికిత్సకు లొంగునవే యనియు చెప్పవలెను. హెచ్.ఐ.వి.కి 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా మందులు దొరకుచున్నవి. వానిని విడువక వాడి రక్తమున వైరసు కనబడనిస్థితికి వచ్చినవారినుండి సంభోగమువలన అది సోకదు. ఈ సంగతి యెందరికి తెలియును? రోగి యనుమతి లేక ఆతని గుట్టు బయటపెట్టరాదని 2017 నాటి చట్టము శాసించుచున్నది. 1097కు ఫోను చేసినచో ఉచితముగా సలహా దొరకును.

ఒకప్పుడు మన యాంధ్రదేశము ఈ రోగము అధికముగా నున్న రాష్ట్రములలో నొకటి. అనేక గృహములు దానిని మౌనముగా భరించినవి. ఆ మౌనము మరల వలదు. నెలకొక్క సాయంకాలము ఈ మందిరముననే ఒక వైద్యుని, మత్తునుండి బయటపడిన యొకనిని, రోగముతో ధైర్యముగా జీవించుచున్న యొకరిని పిలువుడు. వారిని ఎదుటి బల్లపై గాక మీ ప్రక్కనే కూర్చుండబెట్టుడు. ప్రశ్నలు అడుగుటకు పిల్లలకు స్వేచ్ఛ నిండు.

సిగ్గు కొంతకాలము మన పరువును కాపాడవచ్చును. మన బిడ్డలను కాపాడునది నిజమే.