కబ్జా, దాడి, ఘర్షణ, అత్యాచారం: ఎవరు రాస్తే ఏ అర్థం?



ఇవ్వాళ నేను మాటల గురించి మాట్లాడదామని వచ్చిన. మీలో చాలామంది డిగ్రీ దాకా చదివిన్రు. పెంటలో ఎవరికి ఏ కష్టమొచ్చినా, అర్జీ రాయాలంటే మీ దగ్గరికే వస్తరు. పెన్ను మీ చేతిలనే ఉంటది కాబట్టి ఈ ముచ్చట మీతోనే.

ముందుగా కబ్జా. గద్వాలలోనో, వనపర్తిలోనో ఏ రైతునైనా అడగండి, "మోకా మీద కబ్జా మాదే" అంటడు. దాంట్ల తప్పేం లేదు. భూమి నా చేతిల ఉంది, నేనే దున్నుతున్న అని అర్థం. రెవెన్యూ భాషలో కబ్జా అంటే స్వాధీనం, అంతే. అదే మాట పట్నం పోయేసరికి చెరువు మింగినోడి పని అయింది. ఇక నల్లమల అంచుకు వస్తే కబ్జా కూడా కాదు, ఏకంగా ఆక్రమణ. నాగలి అదే, ఎద్దులు అవే. పట్టా భూమిలో దున్నితే సాగు, అడవి గెట్టు దాటి దున్నితే ఆక్రమణ. తాత కాలం నుంచి అక్కడే ఉన్నోడు ఆక్రమణదారుడైతడు, నిన్న మొన్న గెట్టు రాళ్లు పాతినోళ్లు యజమానులైతరు.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2002 మే 3న కేంద్ర పర్యావరణ శాఖ, అడవుల్లో ఆక్రమణదారులను ఖాళీ చేయించండని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. నాలుగేండ్లకు పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2006 నాటి ఆ చట్టం, అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని మొదట్లోనే ఒప్పుకుంది. మనల్ని అది పిలిచిన పేరు "అడవిలో నివసించే షెడ్యూల్డ్ తెగలు". 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమి మీద హక్కు అడగొచ్చన్నది. అర్జీల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించొద్దని సెక్షన్ 4(5) చెప్తది. మరి మనోళ్లే అర్జీలో "మేము ఆక్రమించుకున్న భూమికి పట్టా ఇప్పించగలరు" అని ఎందుకు రాస్తున్నరు? "మా అనుభవంలో, సాగులో ఉన్న భూమి" అని రాయండి. ఎదుటోడు పెట్టిన పేరును మన సంతకం కింద పెట్టుకోవద్దు.

ఇక దాడి. జేసీబీ ముందు ఆడోళ్లు కూసుంటే దాడి అంటరు. విధులకు ఆటంకం అని కేసు పెడతరు. పాత చట్టంలో అది 353, ఇప్పుడు న్యాయ సంహితలో 132. ఆ సెక్షన్ పడాలంటే దాడి చెయ్యాలి, లేదంటే బలప్రయోగం జరగాలి. అడ్డం కూసున్నంత మాత్రాన అది దాడి కాదు. కాని ఇంకో మాట కూడా చెప్పాలె, కొందరికి నచ్చకపోయినా సరే. 2019 జూన్ 30న ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటియ్యడానికి వచ్చిన అటవీ అధికారిణిని కర్రలతో కొట్టిన్రు. అది దాడే. దానికి ప్రతిఘటన అని పేరు పెట్టడానికి నాకు నోరు రాదు. అక్కడ కూడా మాట సరిగ్గా వాడితేనే, మన మీద తప్పుగా వాడినప్పుడు అడిగే హక్కు మనకుంటది.

కర్ర లేకుండా చేసే బలవంతం కూడా ఉంది. దానికి పెట్టిన పేర్లు బలే మెత్తగుంటయ్. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వినిపిస్తున్న మాట "స్వచ్ఛంద తరలింపు". కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటరు. చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ తెలిసి ఒప్పుకోవాలి. రోడ్డు వెయ్యక, కరెంటు ఇయ్యక, తేనెకు పోతే అడ్డం తిరిగి, ఆఖరికి "పోతవా?" అని అడిగితే, "పోత" అన్నది ఇష్టమా? 2019లో యురేనియం కోసం వచ్చింది కూడా "సర్వే" అనే మాటతోనే. 83 చదరపు కిలోమీటర్ల అడవిలో బోర్లు దించుతమన్నరు. నల్లమల లేచినంక, సెప్టెంబర్ 16న అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. సర్వే అంటే టేపు పట్టుకొని కొలుచుడే అనుకోని ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట మాత్రం ఘర్షణ. పది మంది వచ్చి ఒక్క చెంచు గుడిసె మీద పడితే, కాగితం మీద "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అయితది. ఘర్షణ అంటే రాసుకోవడం, రెండు రాళ్లు రాసుకున్నట్టు. తప్పు చెరి సగం. ఇక రాజీకి పిలుస్తరు, రెండు వైపులా కేసులు కడతరు. 2024 జూన్‌లో కొల్లాపూర్ మండలంలో ఒక చెంచు ఆడబిడ్డను చిత్రహింసలు పెట్టిన సంగతి రాష్ట్రమంతా చూసింది. దాన్ని పని కాడి గొడవ అనో, భూమి తగాదా అనో రాస్తే ఆ బిడ్డ ఒంటి మీద గాయాలు ఎక్కడికి పోతయ్?

అట్లాంటి దానికి చట్టంలో ఉన్న తెలుగు మాట అత్యాచారం. 1989 చట్టం పేరే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. హద్దు మీరిన నడవడి అని ఆ మాటకు అసలు అర్థం. పేపర్లు దాన్ని ఆడోళ్ల మీద జరిగే ఒక్క నేరానికే కట్టేసినయ్. అందుకే "అత్యాచారం కేసు పెట్టింది" అంటే ఊరు వేరే అర్థం తీస్తది, ఆమె తల దించుకుంటది. ఫిర్యాదు చెయ్యడానికే వెనకాడుతది. మనోళ్లకు "అట్రాసిటీ కేసు" అని చెప్పండి, అర్థమైతది. కులం పేరుతో తిట్టడం ఒక్కటే దాంట్ల లేదు. మన భూమి నుంచి అక్రమంగా గెంటేయడం, పంట నాశనం చెయ్యడం, అటవీ హక్కులకు అడ్డం పడడం కూడా సెక్షన్ 3లో ఉన్నయ్. అటవీ హక్కుల మాట 2015 సవరణతో చేరింది. ఒక్కటి గుర్తుంచుకోండి: చేసినోడు కూడా ఎస్సీనో ఎస్టీనో అయితే ఈ చట్టం పనిచెయ్యదు, మామూలు చట్టం కిందనే పోవాలి. ఆ తేడా తెలియక కేసులు కొట్టుడు పోతయ్.

అర్జీ రాసేటప్పుడు పెద్ద పెద్ద మాటలకు పోవద్దు. "దౌర్జన్యం చేసిన్రు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలవదు. ఎవరు వచ్చిన్రు, ఏ పొద్దు, చేతిల ఏముండె, ఏం కూసిన్రు, ఏ మాటతో తిట్టిన్రు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఎవరు చూసిన్రు, ఇవి రాయండి. తిట్టు తిట్టినట్టే రాయండి, సిగ్గుపడి "అసభ్యంగా దూషించి" అని మార్చొద్దు. చదువు రాని అవ్వ నోటితో చెప్తే స్టేషన్‌లో రాసుకుంటరు కదా, వేలిముద్ర పెట్టించుకునే ముందు ఆ రాసింది ఆమెకు చదివి వినిపించాలి. అదే చట్టం సెక్షన్ 4లో ఉంది, వినిపించకపోతే తప్పు వాళ్లది. అవ్వ పక్కన మీరు కూసోండి. చదివేటప్పుడు "ఘర్షణ" అన్న మాట వినబడితే, అక్కడే ఆపి, "సార్, అవ్వ ఆ మాట అనలేదు" అని చెప్పండి. ఎఫ్ఐఆర్ కాపీ పైసా ఇయ్యకుండా చేతికి తీసుకున్నంకనే బయటికి రండి.