సెలవులలో పరదేశపు బడి
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను నేపాల్ యాత్రా విశేషాలు చెప్పమన్నారు. నిజానికి యాత్ర కొంచెము, బడి ఎక్కువ. వచ్చే వేసవిలో మన సంఘం తరఫున డిగ్రీ, బి.ఇడి. చదివిన ఇద్దరు ముగ్గురు యువకులను ఇట్లాగే బయటి దేశానికి చదువు చెప్పడానికి పంపుదామా అనే చర్చ కార్యవర్గములో నడుచుచున్నది. పంపే ముందు కొన్ని సంగతులు ఆలోచించవలసియున్నది. కనుక వింతలకన్నా అవే ఎక్కువగా మనవి చేస్తాను.

మన ఇళ్ళలో విదేశమంటే గల్ఫే. నేను 2023 మే నెలలో విదేశం పోతున్నానంటే మా పక్కింటి పెద్దాయన "జీతమెంత?" అని అడిగాడు. జీతం లేదంటే నమ్మలేదు. మా అమ్మీ అయితే నేపాల్ అనగానే మంచు కొండలు తలచుకొని రెండు స్వెట్టర్లు పెట్టెలో పెట్టింది. నేను పోయింది బీర్‌గంజ్. అది కొండల కింది మైదానం, తరాయి ప్రాంతం. మే నెలలో మన కడప ఎండకు ఏమీ తీసిపోదు. స్వెట్టర్లు మడత విప్పకుండానే తిరిగి వచ్చాయి.

హైదరాబాదు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయములో నాతోబాటు చదివిన బీహారు మిత్రుడొకరున్నారు. ఆయన మేనమామ కొడుకు బీర్‌గంజ్‌లో చిన్న బడి నడుపుతున్నాడు. అక్కడ లెక్కల పంతులు లేక ఇంటర్ పాసైన ఒక కుర్రవాడితో గడుపుతున్నారట. "సెలవులలో మూడు వారాలు రాగలవా?" అని ఉత్తరం వచ్చింది. మనకు వేసవి సెలవులు మొదలయ్యే వేళకు అక్కడ చదువులు మొదలవుతాయి. వాళ్ళ సంవత్సరం విక్రమ సంవత్సరము, వైశాఖముతో ఆరంభం. నేను పోయినప్పుడు అక్కడ 2080 నడుస్తున్నది.  

సికిందరాబాదులో రైలెక్కితే రక్సౌల్‌కు దాదాపు రెండు రోజులు. అక్కడినుండి రిక్షాలో సరిహద్దు దాటితే బీర్‌గంజ్. 1950 నాటి సంధి ప్రకారం మనకు వీసా అక్కరలేదు. అయితే పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చేతిలో ఉండాలి. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. ప్రభుత్వోపాధ్యాయులు సెలవులలోనైనా శాఖ అనుమతి పుచ్చుకొనియే పోవలెను. నేపాల్ పక్కనే ఉన్నా విదేశము విదేశమే.

ఎండల వల్ల పొద్దున్నే బడి. ఆరు, ఏడు తరగతులకు లెక్కలు నా వంతు. పిల్లలు ఇంట్లో భోజ్‌పురి మాట్లాడతారు, పుస్తకం నేపాలీలో ఉంటుంది, నేను ఉర్దూలో చెప్పాలి. మొదటి రోజు భిన్నాలు తీశాను. మా ఉర్దూ పుస్తకంలో పైసంఖ్యను షుమార్ కునిందా అంటాము, కిందిది నసబ్‌నుమా. ఆ మాటలు వినగానే పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పుస్తకంలో అంశ్, హర్ అని ఉన్నది. హర్ అంటే మన తెలుగు హారమే కదా! ఉర్దూ మాస్టరుకు నేపాల్‌లో తెలుగు అక్కరకు వచ్చింది.

ఇంకొక సంగతి. ఆ తరగతిలో నిష్పత్తి అధ్యాయం అంటే పిల్లలకు హడలు. కాని సగం మంది సాయంత్రాలు తండ్రుల దుకాణాల్లో కూర్చునేవారే. సరిహద్దు బజారులో రెండు రూపాయలూ చెల్లుతాయి. మన నూరు రూపాయలకు వాళ్ళవి నూటఅరవై. 1993 నుండి ఈ మారకము మారలేదు. ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి "బాబూ, నేను ఇండియా నోట్లు రెండు వందల యాభై ఇస్తే నీవెంత లెక్కగడతావు?" అన్నాను. రెప్ప వేయకుండా "నాలుగు వందలు" అన్నాడు. ముప్ఫై అయిదుకు? "యాభై ఆరు." ఇదే 5 కి 8 నిష్పత్తి, నీవు రోజూ చేసే పనే పుస్తకంలో ఉన్నదని బోర్డు మీద వేసి చూపించాను. వాడు "ఇదా అది!" అన్నట్టు బోర్డు వంక చూశాడు. పరీక్షలో ఆ అధ్యాయంలో సున్నా తెచ్చుకున్న పిల్లవాడు వాడు.

ఇంతవరకు చెప్పి ఆపితే మీరు చప్పట్లు కొడతారు. కాని ఆ ఉదాహరణ పిల్లలకు పనికిరావాలంటే నేను రైలెక్కిన తరువాత కూడా ఎవరో ఒకరు దానిని కొనసాగించాలి. మూడు వారాల మాస్టరు వల్ల ఏమి నిలుస్తుంది? అసలు ప్రశ్న ఇదే.

బడి పెద్ద మొదటి సాయంత్రమే నాతో ఒక మాట అన్నాడు. "మాస్టర్ సాహెబ్, ఇదివరకు దూరదేశాల నుండి పిల్లలొచ్చారు, మంచివాళ్ళే. రెండు వారాలు పాటలు నేర్పారు, ఆటలాడించారు, ఫోటోలు తీసుకున్నారు. పోయేరోజు పిల్లలు ఏడ్చారు. పాఠాలు మాత్రం రెండు వారాలు వెనకబడ్డాయి. మా పంతులు ఆ పదిహేను రోజులూ వరండాలో కూర్చున్నాడు." ఈ ఆఖరి వాక్యం నా మనస్సులో నాటుకున్నది. రెండు వారాలు వరండాలో కూర్చున్న పంతులును పిల్లలు మళ్ళీ ఎట్లా లెక్కచేస్తారు?

అందువల్ల మేము ఒక ఏర్పాటు చేసుకున్నాము. మొదటి వారం నేను చెబుతుంటే ఆ కుర్ర పంతులు వెనక బల్ల మీద కూర్చుని రాసుకున్నాడు. రెండవ వారం చెరి సగం. మూడవ వారం సుద్దముక్క అతని చేతిలో, వెనక బల్ల మీద నేను. మధ్యాహ్నాలు ఇద్దరమూ కూర్చుని మరునాటి పాఠం తయారుచేసుకునేవాళ్ళము. పిల్లలతో గడిపిన పొద్దుటికన్నా ఈ మధ్యాహ్నాలే విలువైనవని నా నమ్మకం. అతడు భోజ్‌పురిలో చెప్పే ఉదాహరణలు నాకు ఏడేళ్ళున్నా రావు.

ఆఖరున నాలుగు రోజులు కాఠ్మాండూ చూసివచ్చాను. ఆలయాలు, ఘంటాఘర్ దగ్గర జామె మసీదు, భూకంపానికి 2015లో కూలి 2021లో మళ్ళీ లేచిన ధరహరా స్తంభము. అది 1934 భూకంపములోనూ దెబ్బతిన్నదే. ఆ 1934 భూకంపమే బీహారును కూడా నేలమట్టం చేసింది. అప్పుడు స్విట్జర్లాండు నుండి పియర్ సెరెసోల్ అనే ఇంజనీరు, అంతర్జాతీయ స్వచ్ఛంద సేవను స్థాపించినవాడు, ముజఫర్‌పూర్ ప్రాంతానికి వచ్చి గ్రామస్థులతోబాటు ఇళ్ళు కట్టాడు. ఒకసారి వచ్చి పోలేదు, మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1958లో బ్రిటన్‌లో, 1961లో అమెరికాలో యువకులను బయటి దేశాలకు పంపే సంస్థలు రాక ముందటి మాట ఇది.

ఈనాడు ఇది వ్యాపారము కూడా అయినది. డబ్బు పుచ్చుకొని "విదేశంలో సేవ" ఏర్పాటు చేసే కంపెనీలున్నాయి. ముఖ్యంగా అనాథాశ్రమాల విషయంలో జాగ్రత్త. నేపాల్‌లో తల్లిదండ్రులున్న పిల్లలను కూడా దూరపు గ్రామాల నుండి చదువు ఆశ చూపి తెచ్చి, సందర్శకుల విరాళాల కోసం ఆశ్రమాల్లో పెట్టినారు. 2015 భూకంపం తరువాత యునిసెఫ్ దీనిని గురించి హెచ్చరించింది. అటువంటి చోటికి మన పిల్లవాడు మంచి మనసుతో పోయినా, అతడిచ్చే రుసుము ఇంకొక బిడ్డను తల్లి ఒడి నుండి లాగడానికే ఉపయోగపడుతుంది. టూరిస్టు వీసా మీద పోయి బడిలో చదువు చెప్పడం చాలా దేశాల్లో చట్ట విరుద్ధమని కూడా గుర్తుంచుకోవాలి.

కనుక కార్యవర్గానికి నా మనవి ఇది. అవతలి బడి నుండి ఫలానా తరగతికి ఫలానా పాఠం కావాలని ముందు ఉత్తరం రావాలి. మనం "వస్తాము, పని చూపండి" అని వెంటపడకూడదు. పోయేవారికి ఇక్కడ కనీసం ఒక ఏడు తరగతి గదిలో అనుభవముండాలి. అక్కడి పంతులుతో జతగానే పనిచేయాలి. దారి ఖర్చు మనది, అన్నం వాళ్ళది, అంతకుమించి ఎవరూ ఎవరికీ రుసుము ఇవ్వనక్కరలేదు. ఆడపిల్లలను పంపవచ్చునా అని మా అక్కయ్యలు అడిగారు. ఇద్దరుగా పోయి, తెలిసిన కుటుంబంలో ఉండే వీలుంటే తప్పక పంపవచ్చును. ఆ బడిలో ఆడపిల్లల తరగతికి ఉపాధ్యాయిని అవసరం నేను కళ్ళారా చూశాను.

ఆ కుర్ర పంతులు ఇప్పుడు కూడా లెక్కలే చెబుతున్నాడు. అప్పుడప్పుడు ఫోనులో బోర్డు ఫోటో తీసి పంపి "ఇది సరియేనా సార్?" అని అడుగుతుంటాడు. ఈసారి సైన్సు చెప్పగలిగినవారు ఎవరైనా ఉన్నారా అని పోయిన నెల అడిగాడు. ఎనిమిదవ తరగతికట. ఉన్నవారు తమ పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వగోరుతున్నాను.