మన ఇంటి మాట – మనం పడ్డ బకాయి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మిత్రులు మాట్లాడినారు. నేను మరొక బకాయి గురించి రెండు మాటలు మనవి చేస్తాను.

ఐరోపాలో ఎస్తోనియా ఒక చిన్న దేశం. దాని పొరుగున లాత్వియా ఉత్తర భాగంలో కొన్ని పల్లెలవారు వందల ఏండ్లుగా ఎస్తోనియా భాషను తమదైన యాసలో మాట్లాడేవారు. దాని పేరు లెయివు. రాను రాను తల్లిదండ్రులు ఇంట్లో కూడా పిల్లలతో లాత్వియా భాషే మాట్లాడసాగినారు. చివరికి మిగిలిన ఆంటన్ బోక్ 1988లో కన్నుమూసినాడు. యాస ఆయనతోనే పోయింది. పండితులు ముందే వెళ్లి రాసుకొన్నవి, రికార్డు చేసినవి మిగిలినాయి.

మనకేమి సంబంధం అంటారా? 1956లో గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు తాండూరు, కొడంగల్ తాలూకాలు ఇటే ఉన్నాయి. అందుకే మన మాటలో కన్నడం, ఉర్దూ కలిసిపోయినాయి. మన పుంటికూర గుల్బర్గా వైపు పుండి. మన అంగి అక్కడా అంగే.

మా అమ్మాయి చిన్నప్పుడు "దూపయితుంది" అంటే, "దాహం వేస్తుంది అను, నలుగురు నవ్వుతారు" అని సరిదిద్దేవాణ్ణి. మా అమ్మ పక్కనే కూర్చుని వినేది. కొన్నాళ్లకు ఆమె మనుమరాలితో మాట్లాడడమే తగ్గించింది. నాకు అప్పుడు తెలియలేదు.

పోయిన వేసవిలో అమ్మాయి బిడ్డ వచ్చింది. "జర దూపయితుంది బిడ్డా, నీళ్లు తే" అన్నాను. "దూప అంటే ఏంటి తాతయ్యా?" అన్నది. తప్పు పిల్లది కాదు, నాది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా సేద్యపు మాటలు సేకరింపజేయగా 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడింది. మనకు అంత పాండిత్యం అక్కరలేదు. రిజిస్టరు రాయడం కొత్త కాదు గదా! సెప్టెంబరు 9, కాళోజీ గారి జన్మదినం, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజుకు ప్రతి సభ్యుడు తన ఇంటి మాటలు ఇరవై, ఊరి పేరుతో, అర్థంతో రాసి సంఘానికి ఇవ్వాలని నా మనవి. అమ్మలు, అక్కలు చెప్పితే ఇంకా ఎక్కువ వస్తాయి.

ఏటేటా మనం బతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాము. మాటకు ఆ సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు లేదు. మనుమల ముందర మనం పలికితేనే అది బతికి ఉన్నట్టు.