సెప్టెంబర్ 16 మధ్యాహ్నం

సెలవుపూట పర్యావరణం గురించి వినడానికి ఖతర్‌లోని ఐన్ ఖాలిద్‌లో ఇంతమంది తెలుగువాళ్లు వచ్చినందుకు సంతోషం. పిల్లలకు స్కూలు ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకోవాలో తోచడం లేదట. పెద్దల్లో పత్రికలకు రాయాలనుకునేవాళ్లూ ఉన్నారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. భూతాపం, ప్లాస్టిక్ అని పెద్ద పేర్లతో మొదలుపెట్టకండి. మీరు నడిచి వెళ్లి చూడగలిగేదీ, కొలవగలిగేదీ చూసుకోండి.

ఇక్కడ నాకు కనిపించే అంశం ఎండ. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆరుబయట పనిచేసే మనిషి ఒంటికి తగిలే వేడి. దగ్గర్లోనే ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ నుంచి వచ్చిన మనవాళ్లు ఈ దేశంలో ఎంతమంది ఎండలో పనిచేస్తున్నారో మీకు తెలుసు.

ఖతర్‌లో 2021 నాటి నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. 2007 నాటి పాత నిబంధనలో ఆ గడువు జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకే, అదీ 11:30 నుంచి 3 దాకానే. కొత్తది మరో మంచి పని కూడా చేసింది. వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే కొలత 32.1 డిగ్రీలు దాటితే, వేళతో పనిలేకుండా పని ఆపాలంది.

ఈ కొలత సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఇందులో మూడు థర్మామీటర్లుంటాయి. తడిగుడ్డ చుట్టినదానికి 70 శాతం విలువ, ఎండలో పెట్టిన నల్లగోళంలో ఉన్నదానికి 20 శాతం, మామూలుదానికి 10 శాతం. అంటే మనం ఫోన్‌లో చూసుకునే ఉష్ణోగ్రతకు ఇందులో దక్కేది పదో వంతే! ఎందుకంటే ఒళ్లు చల్లబడేది చెమట ఆరినప్పుడు. బాల్కనీలో బట్టలు ఆరని రోజున ఒంటిమీద చెమటా ఆరదు. జూన్‌లో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి పొడిగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో సముద్రపు తేమ కమ్ముకుంటుంది. అందుకే జూన్‌లో 43 డిగ్రీల కంటే సెప్టెంబర్‌లో 37 డిగ్రీలు ఒక్కోసారి ఒంటికి ఎక్కువ భారం.

మరి సెప్టెంబర్ 16 మధ్యాహ్నం సంగతేమిటి? తేదీ దాటింది కానీ తేమ పోలేదు. ఇక పనివాణ్ణి కాపాడాల్సింది 32.1 అన్న అంకె ఒక్కటే. దాన్ని ఎవరు కొలుస్తున్నారు? మీటరు ఎక్కడ పెట్టారు, పనిచేసే చోటా, ఆఫీసు నీడలోనా? రాత్రి షిఫ్టులో కొలుస్తున్నారా? పరిశోధనకు నేనైతే ఈ ప్రశ్నలే ఎంచుకుంటాను. దోహా విమానాశ్రయం గంటగంటకూ ఇచ్చే ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ ఎవరైనా చూడొచ్చు. వాటి నుంచి తడి థర్మామీటరు లెక్క ఇంటర్ చదివే పిల్లలు కూడా కట్టగలరు.

రెండు రకాల రికార్డులు పక్కపక్కన పెడితే ఎంత తెలుస్తుందో 2019లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. 2009 నుంచి 2017 వరకు ఖతర్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల వివరాలను ఇక్కడి వాతావరణ లెక్కలతో పోల్చారు. గుండె జబ్బు మరణాలు 571 ఉంటే, వాటిలో 200 దాకా ఆపగలిగినవేనని అంచనా వేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మన జిల్లాలే గుర్తొచ్చాయి. ఎన్ని మరణాలు ఆపగలిగేవన్న ప్రశ్న మనవాళ్ల గురించి కూడా గట్టిగా అడగాలి.

అయితే తొందరపడి తీర్పు రాయకండి. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో వచ్చే అలాంటి జబ్బుకు వేడి, ఒంట్లో నీరు తగ్గడం కారణమని చాలామంది పరిశోధకుల అనుమానం. రెండూ ఒకటేనని రాసేస్తే ఉద్దానం రోగికి అన్యాయం చేసినట్టే.

కార్మికులతో మాట్లాడాలంటే వాళ్ల సెలవు రోజున వెళ్లండి. అనుమతి అడగండి. పేరు, కంపెనీ రాయకండి, ఫొటో తీయకండి. ఉద్యోగం పోతే భరించేది వాళ్లే. "ఎండగా ఉందా అన్నా?" అని అడిగితే "అలవాటైపోయింది తమ్మీ" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు నీళ్లు తాగారు, మూత్రం ఏ రంగులో వస్తోంది, కండరాలు పట్టేస్తున్నాయా అని అడగండి. రాత్రి గదిలో ఏసీ సరిగ్గా పనిచేస్తోందా అని తప్పకుండా అడగండి. పగలంతా వేడెక్కిన ఒళ్లు మర్నాటి షిఫ్టులోపు చల్లబడాల్సింది ఆ గదిలోనే.