ఇంటర్వ్యూ గది బయట తెలిసిన జవాబు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

చదువు, ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. ఉపన్యాసాలు నాకు రావు. జరిగింది చెబుతాను.

నేను ఎలక్ట్రికల్ ప్యానెళ్లు తయారుచేసే సంస్థలో ఇంజనీరుని. పన్నెండేళ్లుగా, కొత్తగా బీటెక్ ముగించిన పిల్లల్ని ఇంటర్వ్యూ చేస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడొచ్చాడు. మంచి మార్కులు. ఇండక్షన్ మోటారు సూత్రం అడిగితే ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. "త్రీఫేజ్ మోటారు స్విచ్చి వేస్తే తిరగడం లేదు, హుమ్మని మూలుగుతోంది. ఏం చేస్తావు?" అని ఇంగ్లీషులోనే అడిగాను. నోరు పెగల్లేదు. కాగితం మీద "కమ్యూనికేషన్ తక్కువ, ప్రాక్టికల్ లేదు" అని రాసి పంపేశాను.

సాయంత్రం గేటు బయట బస్సు కోసం నిలబడి కనిపించాడు. మాటల్లో, వాళ్ల పొలంలో బావి, మోటారు ఉన్నాయన్నాడు. "మరి అది మూలిగితే మీ నాన్న ఏం చేస్తాడు?" అన్నాను.

"నాన్న కాదు సార్, నేనే చూస్తా. ముందు ఆపేస్తా. ఒక ఫేజు పోయుంటుంది, అలాగే ఉంచితే వైండింగ్ కాలిపోద్ది. ఫ్యూజులు చూస్తా. అవి బాగుంటే లైను చూస్తా."

నేనడిగిన ప్రశ్నకు సరైన జవాబు అదే! "మరి లోపల చెప్పలేదేం?" అంటే, "మీరు సిలబస్‌లోది అడిగారనుకున్నా సార్" అన్నాడు.

అప్పటికే జాబితా పైకి వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించడానికి నేను గట్టిగా ప్రయత్నించలేదు. అది నా తప్పే.

2005లో నాస్కామ్, మెకిన్సే నివేదిక మన ఇంజనీర్లలో బహుళజాతి సంస్థల పనికి తగినవాళ్లు నూటికి పాతిక మందే అంది. అప్పట్నుంచి ఆ అంకెను పిల్లల మీదికి రాయిలా విసురుతూనే ఉన్నాం. కానీ కాలేజీ ల్యాబ్‌లో ఏం జరుగుతుంది? ఒక మెషీన్ చుట్టూ గుంపు. ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు రీడింగులు దించుకుంటారు. (నేనూ దించుకున్నవాణ్ణే.) పైగా ఆ మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చెడిపోయినదాన్ని ముందు పెట్టి "ఎందుకు ఆగిందో చెప్పు" అనే ల్యాబ్ నేను చూడలేదు. ఉద్యోగంలో మాకు వచ్చేవన్నీ ఆగిపోయినవే.

2018లో ఏఐసీటీఈ నమూనా సిలబస్‌లో బీటెక్ క్రెడిట్లు 160కి తగ్గించి, ఇంటర్న్‌షిప్ చేర్చారు. మంచిదే. అయితే సర్టిఫికెట్ తెచ్చిన పిల్లల్ని "అక్కడ నీ చేత్తో ఏం విప్పావు?" అని అడిగితే చాలామంది నేల చూపులు చూస్తున్నారు.

ఇంగ్లీషు అక్కర్లేదని నేననను. ఏం జరిగింది, నేనేం చేశాను, ఇంకేం కావాలి – ఈ మూడూ మూడు వాక్యాల్లో మెయిల్ రాయడం రావాలి. అది ఒక్క రోజులో వచ్చేది కాదు. కాలేజీదాకా ఆగక్కర్లేదు కూడా.

మా సంస్థ పక్కన పడేసిన స్టార్టర్లు మూడు అడిగి తెచ్చి, మన సైన్సు గదిలో పెట్టాను. మూడింటిలోనూ నేనే తప్పులు పెట్టాను. కరెంటు కలపలేదు, హెడ్మాస్టరు గారు కంగారు పడక్కర్లేదు. టార్చి బ్యాటరీ, చిన్న బల్బు చాలు, తెగిన తీగ ఎక్కడుందో వెతకడానికి. తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం నెలకో శనివారం నేనొస్తాను. మొదటి గంట తెలుగులో వెతుకుదాం, రెండో గంటలో దాన్నే ఇంగ్లీషులో రాద్దాం. మిగతా శనివారాలు ఖాళీగా ఉన్నాయి. సివిల్, మెకానికల్ మిత్రులు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి.