శిక్షణకూ ఉపాధికీ నడుమ

మనిషికి పని కావాలి. పనికి మనిషి కావాలి. ఈ రెండు అవసరాలూ ఒకే ఊరిలో, ఒకే వీధికి అటూ ఇటూ ఉండి కూడా, ఒకదాని ముఖం మరొకటి చూడకుండా ఏళ్లు గడచిపోవటం మన కాలపు విచిత్రాలలో ఒకటి. హైదరాబాదు నగరానికి ఉత్తరపు అంచున ఉన్న గాజులరామారం ఇందుకు చక్కని ఉదాహరణ. రాతిగుట్టల నడుమ వెలసి, చిత్తారమ్మ తల్లి జాతరకు పేరుపొందిన గ్రామం అది. దాని చుట్టుప్రక్కల జీడిమెట్ల, చింతల్, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాలు పెరిగినవి. జిల్లా జిల్లాల నుండి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు అక్కడ ఇళ్లు కట్టుకున్నవి. 2007లో పరిసర పురపాలక సంఘాలు మహానగరంలో విలీనమైనప్పుడు ఆ పల్లె కూడా నగరమైపోయింది.

అటువంటి చోట ఒక ఫ్యాక్టరీ గేటుకు ‘టర్నర్లు కావలెను, ఫిట్టర్లు కావలెను’ అన్న బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఆ గేటుకు ఎదురుగా ఉన్న కాలనీలో పదవ తరగతి పూర్తిచేసిన కుర్రవాడు ‘పని దొరకటం లేదు’ అంటాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఫ్యాక్టరీకి కావలసినది పని తెలిసిన చెయ్యి. కుర్రవాని వద్ద ఉన్నది మార్కుల కాగితం. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరం అడుగులతో కొలిచేది కాదు. ఆ దూరాన్ని తగ్గించటానికి మన ప్రభుత్వాలు ఏమేమి చేసినవి, ఎక్కడ ఇంకా వంతెన పడలేదు అన్నదే నేటి ప్రసంగ విషయం.

స్వాతంత్ర్యానికి ముందే ఈ ప్రయత్నం మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసే వేళ, సైన్యం నుండి విడుదల కానున్న వేలాది సిపాయిలకు తిరిగి జీవనాధారం చూపవలసిన బాధ్యత ప్రభుత్వంపై పడింది. అందుకుగాను 1945లో పునరావాస, ఉపాధి శాఖ ఒకటి ఏర్పడి, దాని క్రింద ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీలు వెలసినవి. దేశవిభజన తర్వాత శరణార్థులు వచ్చారు. వారికీ ఆ తలుపులు తెరిచారు. 1948 నాటికి అవి అందరికీ అందుబాటులోకి వచ్చినవి. 1950లో చేతిపనులలో శిక్షణ ఇచ్చే పథకం ఆరంభమైనది. నేడు మనం ఐ.టి.ఐ. అని పిలిచే పారిశ్రామిక శిక్షణ సంస్థలకు మూలం అదే. 1956లో ఎక్స్ఛేంజీల, శిక్షణ సంస్థల దైనందిన నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఏ వృత్తిలో ఎంతకాలం ఏమి నేర్పాలో నిర్ణయించి, దేశమంతటా చెల్లే ధృవపత్రం ఇవ్వటానికి అదే సంవత్సరం ఒక జాతీయ మండలి ఏర్పడింది. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లవలె శిక్షణా, ఉపాధీ మొదట ఒకే శాఖలో పుట్టినవన్న సంగతి గుర్తుంచుకోదగినది. తర్వాతి కాలంలో వాటి దారులు వేరుపడినవి. 2015లో శిక్షణ విభాగం కార్మిక శాఖను విడిచి నైపుణ్యాభివృద్ధి శాఖలో చేరింది. ఉపాధి సేవ మాత్రం కార్మిక శాఖలోనే మిగిలింది.

ఇక చట్టాల సంగతి. 1959లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలూ, ఇరవైఅయిదుగురికి తక్కువ కాకుండా పనివారున్న ప్రైవేటు సంస్థలూ తమ వద్ద ఏర్పడిన ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయాలి. చాలామంది ఈ చట్టాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నారు. తెలియజేయమన్నదే గాని, ఎక్స్ఛేంజి పంపినవారినే తీసుకొనమని చట్టం యజమానిని నిర్బంధించలేదు. కార్డు చేయించుకుని, మూడేళ్లకొకసారి దానిని పునరుద్ధరించుకుంటూ, పిలుపు కోసం కాచుకుని కూర్చున్న తరం ఒకటి మన రాష్ట్రంలో గడచిపోయింది. వారి నిరాశకు మూలం ఈ స్వల్ప భేదంలోనే ఉన్నది.

ఈ విషయమై మన తెలుగునాటి వ్యాజ్యం ఒకటి దేశానికంతటికీ దారి చూపింది. కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాలపై వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెబుతూ, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపుచ్చుకొనరాదని, పత్రికలలో ప్రకటన ఇచ్చి, అర్హులైన అభ్యర్థులందరినీ పరిశీలించాలని ఆదేశించింది. నోటీసు బోర్డుపైన పెట్టటమో, రేడియో, టెలివిజన్ల ద్వారా తెలియపరచటమో కూడా చేయాలన్నది. ఉద్యోగవార్త పేదవాని ఇంటికి చేరటం కూడా న్యాయంలో భాగమే అన్నది ఆ తీర్పు సారాంశం. రేడియో ముందు కూర్చున్న మనకు అది మరింత సంతోషకరమైన మాట.

2015 జూలైలో జాతీయ ఉపాధి సేవ అంతర్జాల వేదికపైకి వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి రాగా, 1959 నాటి చట్టానికి కాలం చెల్లింది. కొత్త స్మృతి ‘ఎక్స్ఛేంజి’ అన్న మాటకు బదులు ‘కెరీర్ సెంటర్’ అంటున్నది. పేర్ల నమోదుతో పాటు వృత్తి మార్గదర్శకత్వాన్నీ, స్వయం ఉపాధికి సలహానూ ఆ కేంద్రం పనులలో చేర్చింది. యజమానిపై నిర్బంధం మాత్రం నాడూ లేదు, నేడూ లేదు. కనుక కేంద్రం బలం చట్టంలో కంటే అది పంపే మనిషి పనితనంలోనే ఉండాలి.

పనితనం ఎక్కడ వస్తుంది? కొంత బడిలో, కొంత పనిలో. ఈ రెండవ సగాన్ని గుర్తించి 1961లో అప్రెంటిస్ చట్టం చేశారు. ఐ.టి.ఐ.లో కుర్రవాడు లేతు యంత్రం పట్టటం నేర్చుకుంటాడు. కాని సాయంత్రంలోగా ఇన్ని ముక్కలు తెమలాలన్న ఒత్తిడి, కొలత వెంట్రుకవాసి తప్పితే సరుకు తిరిగివస్తుందన్న భయం, ప్రక్కవానితో కలిసి పనిచేసే ఓర్పు ఫ్యాక్టరీ నేర్పవలసినవే. జర్మనీ దేశంలో విద్యార్థి వారంలో కొన్ని రోజులు బడిలో, తక్కిన రోజులు కర్మాగారంలో గడుపుతాడు. 1969లో ఆ పద్ధతికి అక్కడ సమగ్రమైన చట్టమే వచ్చింది. మన దేశంలో 2019 నాటి సవరణ ప్రకారం ముప్ఫై మంది, అంతకు మించి పనివారున్న ప్రతి సంస్థా, తన సిబ్బందిలో నూటికి రెండున్నర నుండి పదిహేను వంతుల వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురు పనివారున్న చిన్న సంస్థ కూడా ఇష్టపడితే తీసుకోవచ్చు. 2016లో వచ్చిన పథకం క్రింద స్టైపెండులో కొంత భాగాన్ని ప్రభుత్వమే భరిస్తున్నది.

జీడిమెట్ల వంటి చోట ఈ చిన్న సంస్థలదే అసలు చిక్కు. పదిమందితో షెడ్డు నడుపుకునే యజమాని ఒక కుర్రవానికి ఏడాదిపాటు పని నేర్పితే, నేర్చిన మరునాడే వాడు ప్రక్క ఫ్యాక్టరీకి పోతాడని భయపడతాడు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే ప్రతి యజమానీ ఇలాగే తలపోస్తే, చివరికి పని తెలిసినవాడు ఎవరికీ దొరకడు. అందరూ తోడుకుని, ఎవరూ పూడిక తీయని బావివంటిది ఈ వ్యవహారం. చిన్న యజమానులు కలిసికట్టుగా అప్రెంటిస్‌లను తీసుకుని, సమీపంలోని ఐ.టి.ఐ.తో ఒప్పందం చేసుకుంటే గాని ఈ ముడి వీడదు.

శిక్షణ సంస్థలు కూడా కాలంతో నడవాలి. పాత యంత్రంపై నేర్చిన విద్య కొత్త యంత్రం ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఈ లోపాన్ని గమనించి తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి చేపట్టింది. 2024 జూన్ 18న మల్లేపల్లి ఐ.టి.ఐ.లో దానికి శంకుస్థాపన జరిగింది. కేంద్ర ప్రభుత్వం 2025 అక్టోబరు 4న ఆరంభించిన పి.ఎం. సేతు పథకం దేశంలో వెయ్యి ఐ.టి.ఐ.లను, అరవై వేల కోట్ల రూపాయల అంచనాతో, పరిశ్రమల భాగస్వామ్యంలో తీర్చిదిద్దదలచింది. భవనాలూ, యంత్రాలూ డబ్బుతో వస్తవి. వాటి ముందు నిలబడి నేర్పే గురువును తయారుచేయటానికి డబ్బుతో పాటు కాలం కూడా పడుతుంది. ఆ ఖర్చును ఎవరూ తక్కువగా అంచనా వేయరాదు.

మన ఉత్తర హైదరాబాదుకు ఈ విషయంలో గొప్ప వారసత్వమే ఉన్నది. బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో భారత ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అనే సంస్థను నెలకొల్పింది. అచ్చులు, పనిముట్లు రూపొందించే విద్యలో పదవ తరగతి చదివినవారు కూడా అక్కడ డిప్లొమాకు చేరవచ్చు. దానికి సమీపంలోనే సోవియట్ దేశపు సహకారంతో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం లేచింది. చింతల్ వద్ద హెచ్.ఎం.టి. వచ్చింది. కాలగతిలో ఐ.డి.పి.ఎల్. యంత్రాలు ఆగిపోయినవి. కాని అక్కడ రసాయన విద్యలో చేయి తిరిగినవారు బయటికి వచ్చి తామే పరిశ్రమలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన కె. అంజిరెడ్డి ఆ కర్మాగారంలో పనిచేసినవారే. హైదరాబాదు నేడు మందుల తయారీకి పేరుపొందటానికి ఆ నేర్పు ఒక ముఖ్య కారణం. కర్మాగారం మూతపడవచ్చు, నేర్చిన పని మూతపడదు. శిక్షణకు పెట్టే ఖర్చును అంచనా వేసేవారు ఈ లెక్కను కూడా వేసుకోవాలి.

శిక్షణ ఉన్నది, ఉపాధి ఉన్నది; మరి లోపం ఎక్కడ? నడుమ నిలిచి దారి చెప్పేవాడు లేకపోవటంలో ఉన్నది. వృత్తి మార్గదర్శకత్వం ఎక్స్ఛేంజీలలో రెండవ పంచవర్ష ప్రణాళిక నాటి నుండీ ఉన్నదే. కాని మన ఇళ్లకు అది చేరలేదు. పదవ తరగతి పరీక్ష వ్రాసిన పిల్లవాని భవిష్యత్తు సాధారణంగా ప్రక్కింటివారి అబ్బాయి ఏమి చదువుతున్నాడు అన్నదానిపై నిర్ణయమవుతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు, ఇంటి ముందున్న ఫ్యాక్టరీలో ఏ పని ఉన్నదో, దానికి ఏ శిక్షణ కావాలో ఎవరూ విచారించరు.

విచారించని తండ్రిని తప్పుపట్టటం తేలిక. అతని లెక్క వినండి. కొడుకును కాంట్రాక్టరు వద్ద హెల్పరుగా పంపితే నెల తిరిగేసరికి నాలుగు డబ్బులు ఇంటికి వస్తవి. రెండేళ్ల ఫిట్టరు కోర్సులో చేర్పిస్తే ఆ రెండేళ్లూ వాడిని పోషించాలి. అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి రెండేళ్లంటే చిన్న మాట కాదు. కాగా, హెల్పరుగా చేరినవాడు పదేళ్ల తర్వాత కూడా హెల్పరుగానే ఉండిపోయే ప్రమాదం ఉన్నది. కాంట్రాక్టు మారితే పనీ పోవచ్చు. శిక్షణ పొందినవాని చేతిలో మరొక గేటు తట్టగల అర్హత ఉంటుంది. ఈ రెండు దారులను ప్రక్కప్రక్కన పెట్టి, శిక్షణకాలంలో దొరికే విద్యార్థి వేతనం ఏమిటో, అప్రెంటిస్ స్టైపెండు ఏమిటో చెప్పి, ఆ తండ్రికి నచ్చజెప్పేవాడే నిజమైన మార్గదర్శి. కేవలం కరపత్రం పంచి వెళ్లేవాడు కాడు.

ఆడపిల్లల విషయంలో ఈ మార్గదర్శకత్వం మరింత అవసరం. కుట్టుపని, అల్లికలు మంచి విద్యలే. కాని అవే వారికి తగినవని మనం ముందుగానే గీత గీసివేస్తున్నాము. ఎలక్ట్రానిక్స్, నాణ్యత పరీక్ష, ఔషధ ప్రయోగశాలల పని వంటివాటిలో కావలసినది నిదానమూ, సూక్ష్మదృష్టీని. ఇవి ఒక జాతి సొత్తు కావు. అలాగే బడి ముఖం చూడకుండా, మేస్త్రీ ప్రక్కన నిలబడి ఇరవై ఏళ్లలో వెల్డింగు నేర్చినవారున్నారు. వారి పని గట్టిది. చేతిలో కాగితం లేదు. అటువంటివారిని పరీక్షించి, వచ్చిన విద్యను గుర్తించి ధృవపత్రమిచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉన్నది. దానిని అడిగి వినియోగించుకోవాలి.

శిక్షణనూ ఉపాధినీ కలపటానికి మన రాష్ట్రంలోనే ఒక ప్రయోగం జరిగింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ యువజనుల కోసం ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్‌ను ఏర్పరచింది. ముందు మార్కెట్టులో ఏ పనికి మనుషులు కావాలో తెలుసుకుని, అందుకు తగిన స్వల్పకాలిక శిక్షణ ఇవ్వటం దాని పద్ధతి. శిక్షణ తర్వాత ఉద్యోగం వెతకటం కాక, ఉద్యోగాన్ని చూసి శిక్షణను మలచటం అన్నమాట. ఈ వరుస తిరగవేయటంలోనే కీలకమంతా ఉన్నది.

కాబట్టి ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులు పిల్లలను ఏ కోర్సులో చేర్పించబోయినా మూడు ప్రశ్నలు వేయవలసిందిగా మనవి. ఈ ధృవపత్రాన్ని ప్రభుత్వమూ, పరిశ్రమలూ గుర్తిస్తవా? శిక్షణలో ఎన్ని నెలలు నిజమైన కర్మాగారంలో గడుస్తవి? ఇంతకుముందు ఇక్కడ నేర్చినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? మూడవ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పగల సంస్థే పిల్లవానిని అప్పగించదగిన సంస్థ. ఈ ప్రశ్నలు వేయటానికి సిగ్గుపడవలసిన పని లేదు.

కూటి కోసం కోటి విద్యలు అన్నారు మన పెద్దలు. కోటి విద్యలు ఉన్నవి సరే, వాటిలో ఏది తన చేతికి తగినదో, ఏ గుమ్మంలో దానికి గిరాకీ ఉన్నదో తెలియనివానికి ఆ కోటీ శూన్యమే. ప్రభుత్వం బడి కట్టింది, చట్టం చేసింది, వేదిక వేసింది. బడికీ ఫ్యాక్టరీకీ మధ్యనున్న ఆ కొద్దిపాటి దూరాన్ని ప్రధానోపాధ్యాయుడూ, పరిశ్రమ యజమానీ, ఇంటిపెద్దా కలిసి నడిస్తేనే, గేటుకు వేలాడే బోర్డును చదివి, తలుపు తట్టి, ‘ఆ పని నాకు వచ్చును’ అని చెప్పగల యువకులూ యువతులూ మన వీధులలో తయారవుతారు.